చలువపెట్టె చరిత్ర – ఆహారరక్షణకు వలసిన చలి ఎంత?

రామన్నపేట నల్లగొండ సీమలోని మెట్టప్రాంతము. 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలో నుండి, అటుపిమ్మట యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. జిల్లా మారినను ఎండ మారలేదు. వేసవి ముదిరినది మొదలు మృగశిర కార్తె వచ్చువరకు ఇచట పగటివేడి 40 డిగ్రీలను దాటుట సామాన్యము. ఉదయము వండిన పప్పు సాయంకాలమునకు పులిసిపోవుట, రాత్రి కాచి మరచిన పాలు తెల్లవారునప్పటికి విరుగుట ప్రతి గృహిణియు ఎరిగిన విషయమే. ఇట్టి సీమలో వండిన పదార్థమును చెడకుండ నిలుపుకొనుట అనాదిగా ఇల్లాలి నేర్పులలో ఒకటిగా పరిగణింపబడినది.

నేడు ఆ భారములో పెద్దపాలు చలువపెట్టె, అనగా రిఫ్రిజిరేటరు, వహించుచున్నది. దానిలో పెట్టిన వస్తువు చెడదను నమ్మకము జనులలో స్థిరపడినది. ఆ నమ్మకము సగము మాత్రమే నిజము. ఆహారమును కాపాడునది పెట్టె కాదు, పెట్టెలోని చలి. ఆ చలికి ఒక లెక్క కలదు. ఆ లెక్క ఎట్లు ఏర్పడినదో, పల్లెకు ఏ మార్గమున వచ్చినదో తెలిసికొనిన యెడల, వంటయింటిలో దానిని ఏల పాటింపవలెనో స్పష్టము కాగలదు.

పూర్వులు ఆహారమును నిలుపుటకు చలిని ఆశ్రయింపలేదు. వారికి తెలిసిన చలువ కుండలోని నీటిది. మట్టికుండ గోడలగుండ నీరు సన్నగా ఊరి, పైకి వచ్చి, గాలికి ఆవిరియగును. ఆవిరియగునప్పుడు కుండలోని వేడిని కొంత హరించును. గాలి ఎంత పొడిగానున్న అంత చలువ. కాని నడివేసవిలో ఎంతటి మంచి కుండలోనైనను నీరు 20 డిగ్రీలకు దిగువకు వచ్చుట అరుదు. దాహము తీర్చుటకు ఆ చలువ చాలును. పాలను, మాంసమును కాపాడుటకు చాలదు. ఈ భేదమును పెద్దలు అనుభవముచేత గ్రహించిరి. అందుచేతనే రంజనులో నీరు పోసిరి గాని కూర దాచలేదు.

ఆహారరక్షణకు వారు వేరు మార్గములను త్రొక్కిరి. కూరగాయలను కోసి యెండబెట్టి వరుగులు చేసిరి. మాంసమును సన్నగా చీల్చి, ఉప్పు పసుపు పట్టించి, త్రాళ్లపై ఆరవేసి ఒట్టి తునకలు చేసిరి. మామిడికాయను ఉప్పుకారములతో తొక్కు పెట్టిరి. మిగిలిన అన్నములో చల్లపోసి పులియబెట్టి మరునాటి ఉదయము చద్ది త్రాగిరి. పాలకుండను పిడకల నిప్పుపై నుంచి, పగలెల్ల సన్నసెగను కాగనిచ్చి, సాయంకాలమున తోడు వేసిరి. వారు సూక్ష్మజీవుల పేరెరుగరు. అయినను ఆ జీవులకు సరిపడని నాలుగు స్థితులను, అనగా ఎండుదనమును, ఉప్పును, పులుపును, వేడిని, చక్కగా ఎరిగియుండిరి. అయిదవదియైన చలి మాత్రము ఈ నేలపై దొరకునది కాదు.

చలి దొరకునది కాకపోవుటచేతనే అది చిరకాలము ప్రభువుల భోగముగా నుండెను. అక్బరు పాదుషా కొలువులో సురేకారము కలిపిన నీటిలో పాత్రనుంచి, అందులోని త్రాగునీటిని చల్లబరచెడివారని అబుల్ ఫజలు తన ఐనీ అక్బరీలో వ్రాసెను. పాదుషా లాహోరులో నుండిన కాలమున కొండలనుండి మంచును తెప్పించుకొనెడివారనియు అతడు తెలిపినాడు. 18వ శతాబ్దిలో అలహాబాదు ప్రాంతమున శీతకాలపు రాత్రులలో గడ్డిపరపుమీద లోతులేని మట్టిమూకుళ్లలో నీరు పోసి, నిర్మలాకాశము క్రింద నుంచి, వేకువను పైపొరగా పేరిన మంచును ప్రోగుచేసి నేలమాళిగలలో దాచెడివారు. రాబర్టు బార్కరు అను ఆంగ్లేయుడు ఈ పద్ధతిని 1775లో ప్రకటించెను.

తరువాత మంచు సముద్రము దాటి వచ్చినది. ఫ్రెడరిక్ ట్యూడరు అను అమెరికా వర్తకుడు తన దేశపు చెరువులలో శీతకాలమున గడ్డకట్టిన మంచును కోయించి, రంపపుపొట్టు కప్పి, ఓడలలో ఎగుమతి చేసెను. 1833 మే నెలలో బోస్టను రేవు విడిచిన టస్కనీ అను ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగు నెలలకు కలకత్తా చేరెను. దారిలో కరగినది కరగిపోగా ఇంచుమించు 100 టన్నులు మిగిలెను. 1842లో చెన్నపట్టణపు సముద్రతీరమున ఈ మంచును నిలువచేయుటకై ఐస్ హౌసు అను కట్టడము లేచెను. కోస్తా, రాయలసీమ తెలుగు జిల్లాలన్నియు అపుడు చెన్నపట్టణమునకు లోబడినవే. 1897లో వివేకానందస్వామి పాశ్చాత్యదేశములనుండి మరలివచ్చి బస చేసినది ఈ భవనముననే. నేడది ఆయన పేరను వెలయుచున్నది. 1874లో చెన్నపట్టణముననే ఇంటర్నేషనల్ ఐస్ కంపెనీ యంత్రముతో మంచు చేయనారంభించుటతో ఓడమంచుకు కాలము చెల్లెను.

ఇంతవరకు మంచు పానీయములకు చల్లదనమునిచ్చు విలాసవస్తువు. జ్వరపీడితుల నొసట నుంచు ఔషధము. ఆహారమును ఎంత చలిలో ఎన్ని దినములు నిలుపవచ్చునో ఎవరును లెక్కించి చెప్పలేదు. లెక్కకు రెండు విషయములు కావలెను. ఒకటి వేడిని కొలుచు సాధనము. 1724లో ఫారెన్‌హీటు, 1742లో సెల్సియసు తమతమ కొలతలను ఏర్పరచిరి. రెండవది ఆహారము ఏల చెడునను జ్ఞానము. పులియుటకును కుళ్లుటకును కంటికి కనబడని జీవులే కారణమని ఫ్రాన్సుదేశపు లూయీ పాశ్చరు 1860 ప్రాంతమున ప్రయోగములచేత నిరూపించెను. ఈ రెండును కలిసిన పిమ్మటనే చలికి అంకె ఏర్పడుటకు అవకాశము కలిగెను.

ఆ అంకెయొక్క అంతరార్థము తేలికగా తెలియదగినదే. వెచ్చని వాతావరణమున కొన్ని సూక్ష్మజీవులు ఇంచుమించు 20 నిమిషములకొకసారి రెట్టింపగును. ఆ లెక్కన ఏడు గంటలలో 21 మారులు రెట్టింపై, ఒక్క జీవి 20 లక్షలకు మించును. చలి పెరిగినకొలది ఈ వృద్ధి మందగించును. 5 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువన రోగకారకములైన జీవులలో పెక్కింటికి వృద్ధి నిలుచును, లేక మిక్కిలి మెల్లనగును. 60 డిగ్రీలకు పైన అవి వృద్ధి చెందజాలవు. ఈ రెంటి నడిమి వేడియే అపాయకరమైనది. పిడకల నిప్పుపై పగలెల్ల కాగిన పాలకుండ ఈ అపాయపు హద్దుకు పైన నుండెను. నేటి చలువపెట్టె దిగువన నుండవలెను. ఇచట ఒక విషయము గుర్తింపదగినది. చలి సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చును. బయటకు తీసి వెచ్చబడనిచ్చిన, అవి మరల మేల్కొనును.

చలిని యంత్రముచేత పుట్టించు ప్రయత్నములు సైతము ఇదే కాలమున సాగినవి. ద్రవము వేగముగా ఆవిరియైనచో చుట్టునున్న వేడిని హరించునని 18వ శతాబ్ది నడుమ స్కాట్లండువాసియగు విలియం కలెన్ ప్రదర్శించి చూపెను. 1834లో జాకబ్ పెర్కిన్సు ఆవిరియైన ద్రవమును యంత్రముతో అదిమి, మరల ద్రవముగా మార్చి, తిరిగి వాడుకొను విధానమునకు పేటెంటు పొందెను. 1870 తరువాత జర్మనీలో కార్ల్ లిండే ఈ యంత్రములను నమ్మదగినవిగా తీర్చెను. చలువపెట్టె వెనుకభాగమున వేడిగా తగులు గొట్టములు ఆ విధానమునకు గురుతులు. లోపలి వేడిని ద్రవము గ్రహించి వెలుపల విడిచిపెట్టును. మట్టికుండకును ఈ పెట్టెకును మూలసూత్రమొక్కటే. కుండ తన నీటిని గాలికి వదలుకొనును. పెట్టె తన ద్రవమును పోనీక మరల మరల త్రిప్పుకొనును.

ఈ యంత్రముల ప్రయోజనమును లోకమునకు చాటినది డునెడిన్ అను ఓడ. 1882 ఫిబ్రవరి 15న న్యూజీలండులోని ఒక రేవునుండి ఇంచుమించు 5,000 గొఱ్ఱెమాంసపు కళేబరములతో బయలుదేరి, ఉష్ణమండలమును దాటి, 98 దినములకు లండను చేరెను. తీరా పరీక్షించిచూడగా పనికిరానిదని తేలినది ఒక్క కళేబరము మాత్రమే. పిదప 1920 దశకమున అమెరికాలో క్లారెన్సు బర్డ్సై ఆహారమును త్వరితముగా గడ్డకట్టించు పద్ధతిని ప్రచారము చేసెను. ఫారెన్‌హీటు కొలతలో సున్న, అనగా సెంటీగ్రేడు కొలతలో సున్నకు దిగువ 18 డిగ్రీలు, గడ్డకట్టించిన ఆహారమునకు ప్రమాణముగా నిలిచినది. 1927లో అమెరికాలో వెలువడిన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారి చలువపెట్టె మధ్యతరగతి గృహములలో విరివిగా ప్రవేశించినది.

భారతదేశమున ఈ పరిశ్రమ స్వాతంత్ర్యానంతరము వేరూనినది. 1958లో గోద్రెజ్ సంస్థవారు దేశీయముగా చలువపెట్టెలను తయారుచేయ మొదలిడిరి. హైదరాబాదు సంస్థానమున 1942లో నెలకొల్పబడిన ఆల్విన్ మెటల్ వర్క్సు ఈ సీమవారికి సుపరిచితము. సనత్‌నగరులోని ఆ కర్మాగారమునుండి బస్సులు, చలువపెట్టెలు, తరువాతి కాలమున చేతిగడియారములు వెలువడినవి. పెక్కు తెలుగు గృహములలో మొదటి చలువపెట్టెపై నుండిన పేరు ఆల్విన్. 1990 దశకమున ఆ సంస్థయొక్క చలువపెట్టెల విభాగము వోల్టాసులో లీనమయ్యెను. పేరు అంగడినుండి తొలగినను, నలుబది సంవత్సరములు దాటినవారి జ్ఞాపకములలో అది నిలిచియున్నది.

పట్టణమునుండి పెట్టె పల్లెకు వచ్చినది. కాని పెట్టెతోడ దాని లెక్కను పల్లెకు తెచ్చినవి వంటయిండ్లు కావు, ఆరోగ్యకేంద్రమును, పాలకేంద్రమును. 1985లో భారతప్రభుత్వము సార్వత్రిక వ్యాధినిరోధక టీకాల కార్యక్రమమును ఆరంభించెను. టీకామందులు 2 డిగ్రీలకును 8 డిగ్రీలకును నడుమ నుండవలెను. వేడి హెచ్చిన వాని శక్తి నశించును. కంఠసర్పి, ధనుర్వాతము మొదలగువాని టీకాలు గడ్డకట్టినను చెడును. కావున ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలోని చలువపెట్టెలో థర్మామీటరునుంచి, దినమునకు రెండుమారులు చూచి, పుస్తకములో వ్రాయు నియమము ఏర్పడినది. చదువు అంతంతమాత్రమైన రోజులలోనే ఈ పల్లెల పసిబిడ్డల ప్రాణములు ఆ పుస్తకములోని అంకెపై ఆధారపడియుండెను.

పాలకేంద్రముది సైతము ఇట్టి కథయే. 1970లో క్షీరవిప్లవముగా పేరొందిన ఆపరేషన్ ఫ్లడ్ మొదలయ్యెను. పశువు పొదుగునుండి వెడలిన పాలు ఇంచుమించు శరీరపు వేడితోనే యుండును. వానిని త్వరితముగా 4 డిగ్రీలకు చల్లార్చినగాని హైదరాబాదు వంటి నగరమునకు విరుగక చేరవు. నల్లగొండ సీమలో వానలు తప్పి మెట్టపంటలు ఎండిన సంవత్సరములలో పెక్కు రైతుకుటుంబములకు పాడియే ఆధారము. పాలు విరిగిన ఆ దినపు కూలి పోయినట్లే. అందుచేత పాలను చల్లార్చు తొట్టెవద్ద పనిచేయువాడు డిగ్రీని చూడక నిదురపోడు.

టీకాకు అంకె కలదు. పాలకు అంకె కలదు. ఇంటిలోని బిడ్డ తినబోవు అన్నమునకు మాత్రము అంకె లేకపోయినది. చలువపెట్టె కొనిన దినమున మరను ఎచటనో త్రిప్పి వదలినవారు మరల దానివైపు చూచుట అరుదు. పెట్టె తలుపు తీయగా చేతికి చల్లగా తగిలిన చాలునని తలతురు. వెలుపల 42 డిగ్రీలుండగా 12 డిగ్రీల గాలియు చేతికి హాయిగానే తగులును. కాని 12 డిగ్రీలవద్ద పాలు, పప్పు, మాంసము మెల్లగా చెడుచునేయుండును. చేయి చలువను చెప్పగలదు, డిగ్రీని చెప్పజాలదు.

ఈ అశ్రద్ధవలన కలుగు కీడు సామాన్యమైనది కాదు. వండిన అన్నములో సైతము కొన్ని సూక్ష్మజీవుల బీజములు ఉడుకునకు చావక నిలుచును. అన్నము గంటలకొలది గోరువెచ్చగానున్న, అవి మొలకెత్తి విషమును పుట్టించును. కొన్ని విషములు మరల వేడిచేసినను తొలగవు. చేతిపుండ్లనుండి ఆహారములో చేరు మరియొక జాతి సూక్ష్మజీవి విషమును ఇట్టిదే. వాసన, రుచి మారకయే ఆహారము విషపూరితము కావచ్చును. లిస్టీరియా అను జీవి చలువపెట్టెలో సైతము మెల్లగా పెరుగును. అది గర్భిణులకు, గర్భస్థశిశువులకు మిక్కిలి ప్రమాదకరము. వాంతులు విరేచనములు దృఢకాయునకు ఒకనాటి బాధ. పసిపిల్లలకును వృద్ధులకును అవి ప్రాణాంతకము కావచ్చును.

కాబట్టియే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆహారరక్షణకై ప్రకటించిన ఐదు సూత్రములలో సరియైన వేడిచలులను పాటించుట ఒకటిగా చేర్చినది. పరిశుభ్రత, పచ్చిదానిని వండినదానినుండి వేరుగా నుంచుట, చక్కగా ఉడికించుట, మంచినీటిని మంచి సరుకులను వాడుట తక్కిన నాలుగు. భారతదేశమున 2006లో ఆహారభద్రతా ప్రమాణముల చట్టము వెలువడినది. దాని క్రింద 2011లో ఏర్పడిన నియమముల ప్రకారము ఆహారవ్యాపారులు చల్లగా నిలుపవలసిన పదార్థములను 5 డిగ్రీలకు మించని చలిలోను, గడ్డకట్టించినవానిని సున్నకు దిగువ 18 డిగ్రీలవద్దను ఉంచవలెను. హోటలుకు విధించిన నియమము ఇంటికి చట్టము కాకపోవచ్చును; ఆరోగ్యమునకు మాత్రము రెండును ఒక్కటే.

ఇంటియందు ఈ లెక్కను సరిచూచుకొనుట కష్టము కాదు. జ్వరము చూచు థర్మామీటరు దీనికి పనికిరాదు. అది 35 డిగ్రీల దిగువను చూపజాలదు. చలువపెట్టెలకై అమ్ము చిన్న థర్మామీటరును ఒక గ్లాసు నీటిలో నుంచి, నడిమి అరలో పెట్టి, రాత్రియెల్ల వదలి, ఉదయమున తలుపు తీసిన వెంటనే చూడవలెను. అది 2 డిగ్రీలకును 4 డిగ్రీలకును నడుమ నున్న మేలు. 5 డిగ్రీలకు మించరాదు. మించినయెడల లోపలి మరను త్రిప్పి, ఒక దినము వేచి, మరల చూడవలెను. మరపైనున్న 1, 2, 3 అను అంకెలు డిగ్రీలు కావు. సామాన్యముగా అంకె పెరిగినకొలది చలి హెచ్చును. పెద్ద అంకె పెట్టిన వేడి పెరుగునని తలచి తగ్గించువారు పొరబడుచున్నారు. శీతకాలమున సరిపోయిన అమరిక వేసవిలో చాలకపోవచ్చును. కావున ఋతువు మారినపుడు మరల చూచుకొనుట ఉచితము. అట్లని సున్నకు దింపుటయు తగదు. ఆకుకూరలు గడ్డకట్టి వాడిపోవును. అరటిపండు సుమారు 13 డిగ్రీలకు దిగువన నల్లబడును. దానికి గంపయే తగిన చోటు.

పెట్టెలో ఏది ఎచట నుంచవలెనో తెలియుటయు ముఖ్యము. తలుపునకున్న అరలు మాటిమాటికి వెలుపలి గాలి తగిలి వెచ్చబడును. పాలగిన్నెను అచట నుంచరాదు. పచ్చిమాంసము, చేపలు మూతగల పాత్రలో అట్టడుగున నుండవలెను. లేనిచో వాని నీరు కారి వండిన పదార్థములపై పడును. పెట్టెను క్రిక్కిరియ నింపిన లోపల గాలి ఆడదు. వెనుకభాగము గోడకు ఆనుకొనియున్న వేడి బయటకు పోదు.

పెండ్లిండ్లయందు, పండుగలయందు మిగిలిన పదార్థముల విషయమున మరింత జాగరూకత వలయును. పెద్ద గుండిగెడు కూరను అట్లే పెట్టెలోనికి త్రోసిన, పైభాగము చల్లబడినను నడిమిభాగము గంటలకొలది వెచ్చగానే యుండును. దానిని లోతులేని చిన్నచిన్న పాత్రలలోనికి మార్చి, ఆవిరి తగ్గిన వెంటనే పెట్టెలో నుంచవలెను. వండిన ఆహారము రెండు గంటలకు మించి బయట నుండరాదు. వేడి 32 డిగ్రీలను దాటిన దినములలో ఒక గంటయే గడువు. రామన్నపేట వేసవిలో ప్రతిదినమును అట్టిదే. తిరిగి తినునపుడు ఆవిరులు వెడలునంతగా వేడిచేయవలెను. విద్యుత్తు నిలిచినపుడు తలుపు తీయక యుంచిన చలువపెట్టె సుమారు నాలుగు గంటలు తన చలిని నిలుపుకొనును. నిండుగానున్న గడ్డకట్టించు అర తలుపు మూసియుండిన ఇంచుమించు 48 గంటలు నిలుచును. అంతకు మించి కరెంటు రానిచో పాలను, మాంసమును, వండిన కూరలను విడిచిపెట్టుటయే మంచిది. పారబోసిన కూర వెల ఆసుపత్రి ఖర్చుకంటె తక్కువ.

కుండలో కూడు కుండలో ఉండవలెను, బిడ్డ గుండువలె ఉండవలెనని లోకులు పరిహాసముగా ననుకొందురు. చలువపెట్టె ఈ అసాధ్యమును కొంతవరకు సాధ్యము చేసినట్లు కనబడుచున్నది. నిన్నటి కూడు పెట్టెలో నుండును. నేడది బిడ్డకు మేలుచేయును. కాని అందుకు ఆరోగ్యకేంద్రపు పుస్తకములో దినమునకు రెండుమారులు వ్రాయబడు ఆ చిన్న అంకె వంటయింటిలోనికి కూడ ప్రవేశింపవలెను. వరుగులు ఎండినవో లేదో వ్రేళ్లతో నలిపి చూచిన నాటి గృహిణి తన కాలమునకు తగిన పరీక్షను ఎరిగియుండెను. నేటి గృహిణికి ఆ పరీక్ష థర్మామీటరులో కలదు. దానిని చదువుట వారమునకు ఒక నిమిషపు పని.